దేవదత్తుడు ఇంట్లో లేడు

మీమాంస చదివినవాళ్లకు దేవదత్తుడు పాత చుట్టం. శబరస్వామి భాష్యం రాసిన నాటి నుంచీ ఆయన ఇంట్లో లేడు. ఎవరో వచ్చి తలుపు తడతారు, లోపలి నుంచి లేడనే జవాబు వస్తుంది. మనిషి బతికే ఉన్నాడని ముందే తెలుసు కాబట్టి, బయట ఎక్కడో ఉన్నాడని తేల్చుకుని వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. ఇలా తేల్చుకోవడానికి మీమాంసకులు పెట్టిన పేరు అర్థాపత్తి. తెలిసిన రెండు సంగతులు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, ఆ రెంటినీ పొసగించే మూడో సంగతిని ఒప్పుకోక తప్పదు. బతికున్నాడు, ఇంట్లో లేడు. కాబట్టి బయట ఉన్నాడు.

ఈ దేవదత్తుడికి ఉత్తర తెలంగాణలో ఇళ్లు చాలా ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ చుట్టుపక్కల ఊళ్లలో తలుపు తడితే, ‘లేడు, దుబాయి పోయిండు’ అనే మాట తరచుగా వినబడుతుంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అంటూ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు తమ బతుకుదెరువును మూడు మాటల్లో చెప్పుకున్నాయి. గనికి పోయినవాడు భూమి కిందికి పోయాడు, మగ్గం వదిలినవాడు భీవండి మరమగ్గాల దగ్గరికి పోయాడు, పొలం ఎండినవాడు ఎడారికి పోయాడు. ఇక్కడ ఇంట్లో లేకపోవడం వింత కాదు.

వింతల్లా కంప్యూటరుకే.

యూనిక్స్ తొలినాళ్ల నుంచీ బహుళ వినియోగదారుల యంత్రాలు రాకపోకల చిట్టా రాస్తూనే ఉన్నాయి. ఎవరు లోపలికి వచ్చారు, ఏ యంత్రం నుంచి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అన్నది ఒక ఫైల్లో పడుతూ ఉంటుంది. ‘లాస్ట్’ అని టైపు చేస్తే ఆ చిట్టా కింది నుంచి పైకి విప్పుకుంటుంది. చివరిసారి వచ్చి చాలా రోజులైన ఖాతాను యంత్రం నిర్వాహకుడు మూసేస్తాడు. లినక్స్‌లో ఈ మూత ఎంత తేలికో చూడాలి. గుప్తలిపిలో దాచిన పాస్‌వర్డు ముందు ఒక ఆశ్చర్యార్థకం గుర్తు చేరుతుంది. అంతే, తాళం పడింది. ఆ గుర్తు తీసేస్తే తాళం ఊడింది. లోపలి ఫైళ్లు, ఉత్తరాలు, హక్కులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కార్డు చెల్లింపుల సంస్థలు పాటించాల్సిన భద్రతా ప్రమాణం ఇందుకు గడువు కూడా పెట్టింది: 90 రోజులు కదలిక లేని ఖాతాను తీసేయాలి, లేదా పనిచేయకుండా ఆపాలి.

ఇక్కడ ‘ప్రమాణం’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. తెలుగులో కొలబద్దా ప్రమాణమే, గుడి ముందు పెట్టే ఒట్టూ ప్రమాణమే. తర్కశాస్త్రంలో మాత్రం నిజమైన జ్ఞానాన్ని ఇచ్చే సాధనం ప్రమాణం. ఆ సాధనాలు ఎన్ని అన్నదాని మీద మన దర్శనాలు శతాబ్దాల పాటు కొట్లాడుకున్నాయి. చార్వాకుడికి ప్రత్యక్షం ఒక్కటే చాలు. బౌద్ధులు రెండన్నారు, సాంఖ్యులు మూడన్నారు, తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో న్యాయమతం ప్రకారం నాలుగు లెక్కపెట్టాడు. ప్రాభాకరులు అర్థాపత్తిని చేర్చి అయిదన్నారు. కుమారిల భట్టు అనుయాయులు, వారి వెనకే అద్వైతులు, ఆరోది కూడా కావాలన్నారు. దాని పేరు అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం. నేల మీద కుండ లేదన్న సంగతి ఎలా తెలిసింది? కుండ కనబడకపోవడం వల్లే తెలిసింది.

సర్వర్ గదిలో నడిచే తర్కం అచ్చంగా ఇదే. చిట్టాలో పేరు కనబడలేదు, కాబట్టి మనిషి లేడు. అయితే అనుపలబ్ధిని ప్రమాణంగా నిలబెట్టినవాళ్లు దానికి ఒక ముక్కుతాడు కూడా వేశారు. కుండ ఉండి ఉంటే కనబడి తీరే పరిస్థితి ఉండాలి. వెలుతురుండాలి, కన్ను బాగుండాలి, అడ్డం ఏమీ ఉండకూడదు. అప్పుడే కనబడకపోవడం లేకపోవడానికి రుజువు అవుతుంది. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. చీకటి గదిలో తడిమి కుండ లేదని చెప్పడం చెల్లదు. ఈ షరతు దగ్గర బౌద్ధులూ దాదాపు ఇదే మాట మీద ఉన్నారు. ధర్మకీర్తి సంప్రదాయంలో దీనికి పిశాచాన్ని ఉదాహరణగా ఇస్తారు. పిశాచం కనబడలేదు కాబట్టి లేదని తేల్చలేం, ఉన్నా కంటికి ఆనేది కాదు కదా.

కాబట్టి అడగాల్సింది ‘ఎన్నాళ్ల నుంచి రాలేదు?’ అని మాత్రమే కాదు. ‘ఉండి ఉంటే వచ్చేవాడేనా?’ అని కూడా.

తాళం వేయడం తప్పని దీనర్థం కాదు. 2021 మే నెలలో అమెరికా తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు చేరవేసే కలోనియల్ పైప్‌లైన్ కొన్నాళ్లు ఆగిపోయింది. బంకుల ముందు బారులు తీరాయి. కంపెనీ దాదాపు 44 లక్షల డాలర్లు బిట్‌కాయిన్లలో చెల్లించుకుంది. ఆరా తీస్తే దుండగులు దూరిన దారి ఒక పాత వీపీఎన్ ఖాతా. దాన్ని ఎవరూ వాడటం లేదు, అయినా ఎవరూ మూయలేదు. రెండో తాళంగా పనిచేసే అదనపు ధ్రువీకరణ దానికి లేదు. పాస్‌వర్డు ఒక్కటి దొరికితే సరిపోయింది. ఇంటివాడు లేడు, తలుపు తెరిచి ఉంది, దొంగ వచ్చాడు.

దుబాయి దేవదత్తుడికీ ఈ ముప్పు తప్పదు. ఊళ్లో వాడిన సిమ్ రీచార్జి లేక ఆగిపోతే, 90 రోజుల తర్వాత టెలికాం కంపెనీ ఆ నంబరును ఇంకొకరికి ఇవ్వవచ్చు. నంబరు పరాయివాడిదైతే దాంతో ముడిపడ్డ ఓటీపీలూ వాడి చేతికే పోతాయి. అందుకే 2023 నవంబరు 7న జాతీయ చెల్లింపుల సంస్థ, ఏడాదిగా లావాదేవీ లేని యూపీఐ ఐడీలను ఆపేయమని యాప్‌లకు, బ్యాంకులకు చెప్పింది. ఆ తాళం ఇంటివాడి మేలు కోరి వేసిందే.

చిక్కు తాళంతో రాదు. తాళం చూసి ఎవరు ఏమనుకుంటారన్న దగ్గర వస్తుంది. అర్థాపత్తికి రెండు సంగతులు కావాలని మొదట్లో చెప్పుకున్నాం: బతికున్నాడు, ఇంట్లో లేడు. కంప్యూటరు దగ్గర రెండోది మాత్రమే ఉంది. మొదటిది లేకుండా రెండోదాని నుంచి ఏమీ తేలదు. బయట ఉండవచ్చు, మంచాన పడి ఉండవచ్చు, పోయి ఉండవచ్చు. ఆ ఖాళీని పూరించడానికే 2014 నవంబరు 10న కేంద్రం ఒక పథకం మొదలుపెట్టింది. పింఛనుదారు బతికే ఉన్నాడని ఆధార్ వేలిముద్రతో చెప్పే ఆ పత్రానికి పేరు ‘జీవన్ ప్రమాణ్’. తర్కశాస్త్రం చదివిన అధికారి ఎవరైనా పెట్టాడో లేదో గానీ, పేరు మాత్రం సరిగ్గా అతికింది. దేవదత్తుడు బతికున్నాడన్న మొదటి వాక్యాన్ని ఏడాదికోసారి నవంబరులో సరఫరా చేసే ప్రమాణం అది. వేళ్లు అరిగిపోయి ముద్ర పడని వృద్ధుల కోసం 2021 నవంబరులో ముఖాన్ని గుర్తుపట్టే పద్ధతీ వచ్చింది. జీవితమంతా బీడీలు చుట్టిన వేళ్లున్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో ఆ మార్పు ఎందుకు అవసరమో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

గడువుల సంగతికొస్తే, ఒక్కో సంస్థకు ఒక్కో ఓపిక. కార్డుల లోకానికి 90 రోజులు, యూపీఐకి ఏడాది. గూగుల్ రెండేళ్లు చూసి, 2023 డిసెంబరు నుంచి కదలిక లేని వ్యక్తిగత ఖాతాలను చెరిపేయడం మొదలుపెట్టింది. బ్యాంకుదీ రెండేళ్ల లెక్కే. అయితే బ్యాంకు తనంతట తాను వేసే వడ్డీ లెక్కలోకి రాదు, ఖాతాదారు చేతి కదలిక కావాలి. పదేళ్లు దాటితే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి పోతుంది. పోయినా హక్కు పోదు, ఎప్పుడు వచ్చి అడిగినా ఇవ్వాలి. అలాంటి సొమ్ము ఎక్కడుందో వెతుక్కోవడానికి 2023లో ‘ఉద్గమ్’ అనే పోర్టల్ కూడా వచ్చింది.

చట్టం ఏడేళ్లు ఆగుతుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 108వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 111వ సెక్షను ఒకే మాట చెబుతాయి. ఒక మనిషి గురించి ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే, బతికే ఉన్నాడనేవాళ్లే దాన్ని రుజువు చేసుకోవాలి. ఇందులో అసలు పట్టు ఒక చిన్న షరతులో ఉంది. కబురు అందకపోవాల్సింది ఎవరికి? మనిషి బతికుంటే సహజంగా ఎవరికి కబురు అందేదో వాళ్లకి. తల్లికి, భార్యకు, అన్నదమ్ములకు. దారినపోయేవాడికి అందకపోతే లెక్క కాదు. కుమారిలుడి యోగ్యానుపలబ్ధిని ఇంగ్లీషు న్యాయవాదులు తమకు తెలియకుండానే చట్టంలోకి ఎక్కించారు.

ధర్మశాస్త్రం ఇంకా ఓపిక పట్టింది. దేశాంతరం పోయినవాడి జాడ తెలియకపోతే సాధారణంగా పన్నెండేళ్లు చూడమంది. గోదావరి పుష్కరం మళ్లీ తిరిగొచ్చేంత కాలం. ఆ తర్వాత దర్భలతోనో మోదుగాకులతోనో మనిషి బొమ్మ చేసి దహనం చేస్తారు, కర్మ చేస్తారు. మరి అంతా అయ్యాక మనిషి తిరిగొస్తే? శాస్త్రకారులు ఆ ప్రశ్నను దాటవేయలేదు. వచ్చినవాణ్ని నేతిలో ముంచి తీసి, స్నానం చేయించి, జాతకర్మ మొదలుకొని సంస్కారాలన్నీ మళ్లీ జరపాలన్నారు. తన భార్యనే మళ్లీ పెళ్లాడాలన్నారు. నవ్వొస్తుంది గానీ, కాస్త ఆలోచిస్తే బ్యాంకులో కేవైసీ మళ్లీ చేయించడం కూడా ఇదే తంతు. మనిషి అదే, పేరు అదే, అయినా పుట్టుక నుంచి మళ్లీ మొదలు.

ఇది పుస్తకాల ముచ్చట కాదు. దుబాయ్ జైల్లో సుమారు 18 ఏళ్లు గడిపిన సిరిసిల్ల ప్రాంతపు మనుషులు కొందరు 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. వాళ్లు పోయేనాటికి దేశంలో ఆధార్ లేదు, యూపీఐ అనే మాట పుట్టలేదు. పోయింది ఆంధ్రప్రదేశ్ నుంచి, వచ్చింది తెలంగాణకు. పోయింది కరీంనగర్ జిల్లా నుంచి, వచ్చింది 2016 అక్టోబరు 11న ఏర్పడ్డ రాజన్న సిరిసిల్ల జిల్లాకు. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. బ్యాంకు రెండేళ్లు, పదేళ్లు, చట్టం ఏడేళ్లు, శాస్త్రం పన్నెండేళ్లు, ఈ గడువులన్నీ దాటిపోయిన కాలమది. కానీ ఇంటివాళ్లకు తెలుసు, మనిషి ఉన్నాడని. వాళ్లకు జీవన్ ప్రమాణ్ అవసరం రాలేదు.

మూడు బాయిల్లో మొదటిది ఇక్కడ ఇంకో మాట చెబుతుంది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనుల్లో రాకపోకల చిట్టా కంప్యూటర్ల కంటే ముందు నుంచీ ఉంది. మస్టర్ పడుతుంది, కార్మికుడు లాంపు రూంలో తన నంబరు దీపం తీసుకుంటాడు, దిగుతాడు. భూమి కింద ఎవరెవరున్నారో ఏ క్షణంలో అడిగినా తెలిసేలా రిజిస్టరు ఉంచాలని 1952 నాటి గనుల చట్టం నియమం పెట్టింది. షిఫ్టు అయిపోయాక ఒక దీపం తిరిగి రాకపోతే ఎవరూ ఆ పేరు కొట్టేయరు. మనిషి కోసం కిందికి దిగుతారు. 2003 జూన్‌లో గోదావరిఖనిలో ఒక గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. అలాంటి పూట గేటు బయట నిలబడ్డ కుటుంబాలకు జవాబు చెప్పగలిగింది ఆ రిజిస్టరు ఒక్కటే.

గనిలో చిట్టా ఉన్నది వెతకడానికి. సర్వర్‌లో చిట్టా ఉన్నది మూయడానికి. రెండు చోట్లా రాసే అక్షరాలు ఒకటే: ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు. రానివాడి కోసం కదలాల్సింది ఎవరన్న చోటే రెండూ విడిపోతాయి. గనిలో యాజమాన్యం కదలాలి. పింఛను దగ్గర డెబ్బై దాటిన మనిషే ఆటో ఎక్కి కదలాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా వాసి లాల్ బిహారీ భూమి రికార్డుల్లో చచ్చిపోయినట్టు నమోదై, తాను బతికున్నట్టు కాగితం మీద ఒప్పించడానికి 1994 దాకా పోరాడాడు. తన పేరు వెనక ‘మృతక్’ అని తగిలించుకున్నాడు. ఆఫీసు మెట్ల మీద నిలబడి మాట్లాడుతున్న మనిషి కంటే చిట్టాలోని గీతకే బరువు ఎక్కువైన వైనమది.

మతం ఈ చిట్టాను ఎలా చూసింది? జగిత్యాల జిల్లా ధర్మపురిలో, గోదావరి ఒడ్డున, నరసింహస్వామి ఆలయ ప్రాంగణంలోనే యమధర్మరాజుకు గుడి ఉంది. ధర్మపురికి పోతే యమపురి ఉండదని ఈ ప్రాంతపు సామెత. యముడి పక్కన లెక్కలు రాసే చిత్రగుప్తుడి గురించి పిల్లలకు కూడా తెలుసు. కథల్లో ఆయన రాసేది చేసిన పనుల లెక్క. మరి చేయనివాటి మాట? సంధ్య వార్చాల్సినవాడు మానేస్తే దాని ఫలం ఎక్కడ నమోదవుతుంది? మీమాంసకులు నిత్యకర్మ మానితే ప్రత్యవాయం, అంటే దోషం కలుగుతుందన్నారు. శంకరాచార్యులు తైత్తిరీయ భాష్యంలో దీన్ని ఒప్పుకోలేదు. చేయకపోవడం అంటే ఒక లేమి. లేమి నుంచి ఏదీ పుట్టదు, పాపమైనా సరే. మానేయడం మహా అయితే ముందే ఉన్న దోషానికి గుర్తు కావచ్చు గానీ, అదే కారణం కాలేదు.

పన్నెండు వందల ఏళ్ల నాటి ఈ వాదనకు నేటి రూపం రిజర్వు బ్యాంకు ఉత్తర్వుల్లో కనిపిస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి, కదలిక లేక నిలిచిపోయిన ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదు. దాన్ని తిరిగి తెరిచినందుకు రుసుమూ వసూలు చేయకూడదు. చేయనిదానికి దండన లేదు. అదే ఉత్తర్వు ఇంకో మెట్టు ఎక్కింది. ప్రభుత్వ పథకాల లబ్ధి కోసం, విద్యార్థుల ఉపకారవేతనాల కోసం నిల్వ లేకుండా తెరిచిన ఖాతాలు రెండేళ్లు కదలకపోయినా, వాటికి ఆ ముద్ర వేయకూడదంది. ఆ ఖాతాలకు మౌనమే మామూలు స్థితి. అక్కడ మౌనం నుంచి ఏమీ తేల్చకూడదన్నమాట.

ఇక కాళేశ్వరం. గోదావరి ప్రాణహితను కలుపుకునే చోట, ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. ఇంకొకటి ముక్తేశ్వరుడు, అంటే శివుడు. ముక్తేశ్వరుణ్ని కొలిచినవాళ్లంతా ముక్తికి పోతుంటే తనకు పని లేకుండా పోయిందని యముడు మొరపెట్టుకున్నాడనీ, శివుడు తన పక్కనే చోటిచ్చి, ముందు నిన్ను కొలిచి ఆ తర్వాతే నా దగ్గరికి రావాలన్నాడనీ స్థలపురాణం. భక్తులు ఇప్పటికీ ఆ వరసే పాటిస్తారు. లెక్క రాసేవాణ్ని పక్కకు నెట్టలేదు, అతనికే ఆఖరి మాటా అప్పగించలేదు. తాళం వేసే చెయ్యి, తాళం తీసే చెయ్యి ఒకే పీఠం మీద పక్కపక్కన కూర్చున్నాయి. బయటివాడు ఒక్క కదలికలో రెండో చోటికి చేరగలడు.

మంచి వ్యవస్థలు నడిచేదీ ఇలాగే. ఖాతాను మూయగలిగిన మనిషే, లేదా పక్క కుర్చీలోని మనిషే, తెరవగలిగి ఉండాలి. మూసేముందు ఇంట్లోవాళ్లకు కబురు పెట్టాలి. గూగుల్ 2013 నుంచే, తాను కనబడకపోతే ఎవరికి చెప్పాలో ఖాతాదారే ముందుగా రాసిపెట్టే వీలు కల్పించింది. సాక్ష్య చట్టం చెప్పిన ‘సహజంగా కబురు అందేవాళ్లు’ ఎవరో, వినియోగదారు తానే పేర్లతో రాసిపెట్టడమన్నమాట.

సెలవు మీద వచ్చిన గల్ఫ్ కార్మికుడు ఊరి బ్యాంకుకు పోతే కౌంటరు మీద ఒక ఫారం ముందుకు జరుగుతుంది. పేరు, ఖాతా నంబరు, ఆధార్. సంతకం దగ్గర చెయ్యి కాసేపు తడబడుతుంది. ఏళ్ల తరబడి వేలిముద్ర యంత్రాల మీద హాజరు వేసినవాడికి పాత సంతకం వంపులు గుర్తుండవు. కింద ఇంకో గడి ఉంటుంది: ‘ఇంతకాలం ఖాతా నడపకపోవడానికి కారణం’. అతను పెన్ను సవరించుకుని, ‘దుబాయిల ఉంటి’ అని రాసి, కాగితాన్ని అద్దం కింది సందులోంచి లోపలికి తోస్తాడు.